చిత్రస్వామ్యము – వర్తకధర్మము



క్రీ.శ. 1244వ సంవత్సరమున కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవునందు ఒక శాసనము వేయించెను. దానికి అభయశాసనమని పేరు. అంతకుముందు తీరప్రాంతములందొక దురాచారము ఉండెడిది. ఒక దేశమునుండి మఱియొక దేశమునకు పోవుచున్న ఓడ తుపానునకు చిక్కి దారితప్పి ఒడ్డునకు కొట్టుకొనివచ్చి పగిలెనేని, అందలి సరకంతయు ఆ తీరము నేలెడి రాజు తనదిగా చేసికొనెడివాడు. బంగారమైనను, రత్నములైనను, ఏనుగులైనను, గుఱ్ఱములైనను అంతే. గణపతిదేవుడు ఆ హక్కును వదలుకొనెను. నియతమైన సుంకమును మాత్రమే తాను గైకొని, తక్కినదంతయు వర్తకునకే విడిచితినని ఱాతిమీద చెక్కించెను. ఏ సరకునకు ఎంత సుంకమో ఆ శాసనమందే వ్రాయించెను. ఇచ్చట గమనింపవలసినది ఒక్కటి. ఆ రాజునకు హక్కు లేకపోలేదు. ఉన్న హక్కునే కీర్తికొఱకును ధర్మముకొఱకును తనంతట తాను కుదించుకొనెను. సుంకమును మాత్రము వదలలేదు. 

నేటి ప్రసంగవిషయము ఓడలు కాదు, బొమ్మలు. ఇంటర్నెట్టులో దొరకు ఛాయాచిత్రములను, చిత్తరువులను వర్తకులు తమ వెబ్‌సైటులలో వాడుకొనవచ్చునా, వాడుకొనినచో ఏ నియమమునకు లోబడవలయును, ఆ నియమములు ఎట్లు పుట్టినవి యనునది. వినుటకు ఇది పట్టణవాసుల గొడవవలె తోచును. కాని మా బాలాపూరు చుట్టుపట్ల సకినాలు, అరిసెలు, గానుగనూనె, ఊఱగాయలు మొదలగువానిని ఇంటర్నెట్టుమీద అమ్ముకొనువారు నేడు లేకపోలేదు. మీ గ్రామములందును మీ మనుమలలో నెవడో యొకడు ఆ పని చేయుచునే యుండును. నా యొద్ద చదువుకొనిన యొకడు ఊఱగాయల దుకాణము పెట్టి, దాని వెబ్‌సైటును నాకు చూపుటకై తెచ్చెను. మామిడితోట, ఱాతిరోలు, ఎఱ్ఱని మిరపపండ్ల కుప్ప, చార్మినారు – బొమ్మలు ముచ్చటగా నుండెను. “ఇవి ఎక్కడివిరా?” యని యడిగితిని. “నెట్ల ఫ్రీగ దొరికినయి సార్” అనెను.

ఈ ‘ఫ్రీ’ అను ఇంగ్లీషు మాటతోనే తగవు మొదలగుచున్నది. మన భాషలో దీనికి రెండు మాటలు గలవు. సత్రమున పెట్టు అన్నము ఉచితము. బందెలదొడ్డినుండి విడిచిన యెద్దు స్వేచ్ఛ గలది. విడిచినారు గదా యని ఆ యెద్దును తోలుకొనిపోయి మన బండికి కట్టుకొన్నచో నేమగునో మీకు చెప్పనక్కఱలేదు. దానికి యజమాని యుండనే యున్నాడు. ఇంటర్నెట్టులోని బొమ్మలలో పెక్కు ఈ యెద్దువంటివి. కొన్నిటికి యజమాని యుండి, ఎవరును ముట్టరాదనును. కొన్నిటికి యజమాని యుండి, ఈ నియమముమీద నెవరైనను వాడుకొనవచ్చుననును. మఱికొన్నిటికి స్వామ్యకాలము తీరి లోకమునకే చెందినవి. కంటికి ఈ మూడును ఒక్కతీరుననే కనబడును.

మన పూర్వులకు ఈ కాపీరైటు గొడవ లేదు గదా, ఎవరి కవిత్వమునైనను ఎవరైనను వ్రాసికొనెడివారు గదా యని కొందఱందురు. అది సగము నిజము. తాటాకు గ్రంథమునకు ప్రతి వ్రాసికొనుటకు కవి అనుమతి అక్కఱలేకుండెను. ప్రతి వ్రాసి యిచ్చుట పుణ్యమనియు నెంచెడివారు. కాని కవి పేరు పోకుండుటకు వలయు కట్టుబాటు గ్రంథములోనే యుండెను. ప్రతి ఆశ్వాసము చివరను గద్యమొకటి యుండును. అందు కవి తన తండ్రి పేరు, తన పేరు, కావ్యము పేరు చెప్పుకొనును. వేమన ఇంకొక యడుగు ముందునకు వేసి మకుటములోనే తన పేరు కట్టివేసెను. పద్యమెవని నోట పడినను పేరు దాని వెంటనే పోవును. సంస్కృతమున రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఒకరి శబ్దమును, ఒకరి అర్థమును మఱియొకరు హరించుట యెన్ని విధములో అధ్యాయములకొలది విచారించెను. కావున ప్రతి వ్రాసికొనుట తప్పు కాదు, పేరు మింగుట తప్పు అను వివేకము మనకు క్రొత్తది కాదు.

బొమ్మలు చేయువారికి మాత్రము ఈ భాగ్యము తక్కువ. మన ఆలయములలో వేలకొలది శిల్పములున్నవి, చెక్కినవారి పేళ్లు మాత్రము మనకు తెలియవు. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటయందు కట్టించిన గుడి శిల్పి పేరనే రామప్ప గుడి యని వెలయుచున్నదని లోకప్రతీతి. కట్టించినవాని పేరు శాసనమున నిలిచినది, చెక్కినవాని పేరు జనుల నోట నిలిచినది. అట్టిది అరుదు.

బొమ్మల స్వామ్యమునకు చట్టము మొదట వచ్చినది ఇంగ్లండు దేశమున. అచ్చట 1710లో గ్రంథకర్తలకు పదునాలుగేండ్ల ముద్రణస్వామ్యము నిచ్చు చట్టము వచ్చెను. బొమ్మలకది వర్తింపదయ్యెను. విలియం హోగార్తు అను చిత్రకారుడు లండనులో రాగిఱేకులపై బొమ్మలు చెక్కి కాగితముపై అచ్చొత్తి అమ్ముకొనెడివాడు. అవి బయటికి వచ్చిన కొద్దిదినములకే అంగళ్లవారు వానికి దొంగయచ్చులు వేసి సగము వెలకు అమ్మెడివారు. కొందఱు కొనువారివలె నటించుచు అతని యింటికి వచ్చి బొమ్మలు చూచి, మనసున నిలుపుకొని పోయి, నకళ్లు తీసిరని చెప్పుదురు. హోగార్తు తోడి చిత్రకారులతో గలసి పార్లమెంటునకు విన్నవించుకొనగా 1735లో చెక్కడపు బొమ్మలకును పదునాలుగేండ్ల స్వామ్యమునిచ్చు చట్టము వచ్చెను. ఆ చట్టము అమలగు దినము వఱకు అతడు తన క్రొత్త బొమ్మలను బయట పెట్టక దాచియుంచెను. ఫోటోలకును, రంగుల చిత్తరువులకును ఆ దేశమున రక్షణ కలుగుటకు 1862 వఱకు ఆగవలసివచ్చెను.

మన దేశమున కంపెనీ ప్రభుత్వము 1847లో గ్రంథములకు స్వామ్యచట్టము చేసెను. పాత తెలుగు పుస్తకముల లోపలి యట్టమీద ‘సర్వస్వామ్య సంకలితము’ అని అచ్చువేసిన మాట మీలో పెక్కురు చూచియుందురు. చిన్నతనమున మేమా మాటను మంత్రమువలె చదివెడివారమే కాని అర్థమడిగిన జ్ఞాపకము లేదు. సర్వహక్కులును నావే, నన్నడుగక ముట్టరాదు అని దాని భావము. తరువాత 1911 నాటి ఇంగ్లీషు చట్టమును 1914లో మన దేశమునకు వర్తింపజేసిరి. స్వతంత్రభారతము 1957లో తన చట్టమును చేసికొనెను. అది 1958 జనవరి 21 నుండి అమలులోనికి వచ్చెను. కర్త మరణించిన పిమ్మట ఏబదియేండ్ల వఱకు స్వామ్యము నిలుచునని అందుండెను. రవీంద్రనాథ ఠాకూరు 1941లో గతించిరి. 1991తో వారి గ్రంథములపై స్వామ్యము తీరిపోనుండగా, 1992లో పార్లమెంటు ఏబదిని అఱువదిగా పెంచెను. ఒక మహాకవి పుణ్యమా యని దేశమందలి కర్తలందఱికిని పదేండ్లు కలిసివచ్చినవి. ఫోటోలకు మొదట వేఱు లెక్క యుండెను. 2012లో ఆ భేదము తీసివేసి, ఫోటో తీసినవానికిని మరణానంతరము అఱువదియేండ్లనిరి.

ఈ లెక్క తెలిసినచో మన యింటి గోడలమీది బొమ్మలనే విచారింపవచ్చును. రాజా రవివర్మ 1848లో పుట్టి 1906లో గతించెను. 1894లో బొంబాయియందు జర్మను యంత్రములతో ముద్రణాలయము పెట్టి, రాజుల మేడలకే పరిమితమైన తన చిత్తరువులను రంగులలో అచ్చువేయించెను. ఆ లక్ష్మియు, ఆ సరస్వతియు దేశమంతట పూజగూళ్లలో వెలసినవి. ఆలయప్రవేశము లేనివాని గుడిసెలోనికి కూడ దేవుడు కాగితముమీద నడచివచ్చెను. ఆ వెంటనే వర్తకుల దృష్టియు వానిమీద పడెను. బట్టల మూటలమీద, అగ్గిపెట్టెలమీద, క్యాలెండర్లమీద ఆ దేవతలు ఎక్కిరి. వ్యాపారమునకు బొమ్మ ఎంత ఆసరాయో నాటి వర్తకులకే తెలియును. ఈ వెబ్‌సైటులవారు క్రొత్తగా కనిపెట్టినదేమియు లేదు. రవివర్మ చిత్తరువుల స్వామ్యకాలము ఏ లెక్కన చూచినను ఎన్నడో తీరినది. వానిని నేడెవరైనను, లాభమునకైనను, వాడుకొనవచ్చును. ఆఱవ నిజాము ఆస్థానమున ఛాయాచిత్రకారుడై 1905లో గతించిన రాజా దీనదయాళు తన జీవితకాలమున ప్రకటించిన హైదరాబాదు చిత్రములును అట్టివే. ముప్పదేండ్లైనను నిండకుండ 1925లో కన్నుమూసిన రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు చిత్తరువులును అట్టివే.

కాని పాతదంతయు లోకముది కాదు. పిల్లల దుకాణములవారు మక్కువతో వాడుకొను పాత ‘చందమామ’ బొమ్మలను చూడుడు. ఆ పత్రిక 1947 జూలైలో మద్రాసున మొదలయ్యెను. దాని ముఖచిత్రములు పెక్కింటిని వేసిన వడ్డాది పాపయ్యగారు 1992లో గతించిరి. అందుచేత ఆయన బొమ్మలపై స్వామ్యము 2052 సంవత్సరాంతము వఱకు నిలుచును. బాపుగారు 2014లో గతించిరి కావున ఆయన గీతకు 2074 సంవత్సరాంతము వఱకు కాపు కలదు. ఆ హక్కు వారసులదా, ప్రకాశకులదా యనునది నాటి ఒడంబడికలనుబట్టి యుండును. ఎవరిదైనను, దారిన పోవువానిది మాత్రము కాదు. కాగితము పసుపుపచ్చనైనంత మాత్రాన స్వామ్యము తీరదు.

ఇంతవఱకు చెప్పినది కాచుకొనుటను గుఱించిన చరిత్ర. దాని వెనుక ఇచ్చుటను గుఱించిన చరిత్ర మొదలైనది. ఈ కాలమున ఫోటో తీసిన క్షణముననే, ఏ కచేరీలోను రిజిస్టరు చేయింపకయే, తీసినవానికి స్వామ్యము కలుగును. చేతిలో ఫోను గల ప్రతివాడును చిత్రస్వామియే. అందఱకును ఆ స్వామ్యముపై మమకారముండదు. ఊరి గుడిని ఫోటో తీసి, ‘ఎవరికి వలసినను వాడుకొండి, నా పేరు మాత్రము చెప్పుడు’ అనుకొను ఉదారులు కోట్లకొలది కలరు. కాని చట్టమున ‘సర్వస్వామ్య సంకలితము’ తప్ప వేఱు మాట లేకుండెను. ఇయ్యగోరినవాడు ప్రతివానికిని వేఱువేఱుగా ఉత్తరము వ్రాసి యియ్యవలసినదే. ఈ యిబ్బంది తీర్చుటకు 2001లో అమెరికాదేశమున లారెన్సు లెస్సిగు అను న్యాయశాస్త్రాధ్యాపకుడు మొదలగువారు క్రియేటివ్ కామన్సు అను సంస్థను నెలకొల్పి, 2002 డిసెంబరులో అనుమతిపత్రములను సిద్ధముచేసి లోకమునకిచ్చిరి. ఒక్కమాఱు ఆ పత్రమును బొమ్మకు తగిలించినచో, లోకమంతటికిని అనుమతి యిచ్చినట్లే. మన చట్టమును స్వామి వ్రాతమూలముగా నిచ్చు అనుమతిని అంగీకరించుచున్నది. 2004 సెప్టెంబరులో మొదలైన వికీమీడియా కామన్సు అను చిత్రభాండారములో నేడు పదికోట్లకు పైగా ఇట్టి బొమ్మలు మొదలగునవి గలవు. మన తెలుగువారు తమ యూళ్ల గుళ్లను, కోటలను, చెఱువులను ఫోటోలు తీసి దానికిచ్చుచున్నారు. వారికి దానివలన దమ్మిడీ రాదు. బొమ్మ క్రింద పేరు నిలుచుటయే వారికి జీతము.

మోటుపల్లి శాసనమును మొదట నేనెత్తుటకు కారణమిప్పుడు తెలిసినది గదా. చిత్రస్వామి తన సర్వహక్కులను కుదించుకొని నియతమైన సుంకము మాత్రము ఉంచుకొన్నాడు. ఆ సుంకము నాలుగు రకములుగా నుండవచ్చును. బి.వై. అని యున్నచో పేరు చెప్పవలయును. ఎస్.ఏ. అని యున్నచో, బొమ్మను మార్చి క్రొత్తబొమ్మ చేసితివేని దానినిగూడ అదే అనుమతితో లోకమునకు విడువవలయును. ఎన్.డి. అని యున్నచో మార్చిన బొమ్మను పంచరాదు. ఎన్.సి. అని యున్నచో వ్యాపారమునకు వాడరాదు. వర్తకుడు మొదట చూడవలసినది ఈ కడపటి గుర్తునే. ఇవి గాక, ఏ సుంకమును వలదని పూర్తిగా వదలివేయు పత్రమొకటి గలదు. దానికి సీసీ జీరో యని పేరు. వికీమీడియా కామన్సువారు ఎన్.సి. గుర్తు గల బొమ్మలను స్వీకరింపరు. కావున వర్తకునకు అచ్చట వెదకుట మేలు.

వ్యాపారికి ఉచితముగా ఇచ్చుట యేల, వాడు లాభము తీయుచున్నాడు గదా యని నా మిత్రులొకరు వాదించిరి. ఇచ్చినవాడు తెలిసియే యిచ్చెను. వలదనుకొన్నవానికి ఎన్.సి. యను మాట ఉండనే యున్నది. అనుమతించినవాని బొమ్మను వర్తకుడు వాడుకొనుట దోషము కాదు. సుంకము చెల్లింపకుండుటయే దోషము. ఈ విషయమై అమెరికాలో 2015లో ఒక తీర్పు వచ్చెను. డ్రాగ్లిస్ అను ఛాయాచిత్రకారుడు కాలువగట్టు ఫోటో నొకదానిని బి.వై., ఎస్.ఏ. గుర్తులతో ఇంటర్నెట్టులో నుంచెను. కప్పా అను పటముల కంపెనీ దానిని తమ దారిపటముల పుస్తకమునకు ముఖచిత్రముగా వేసి వెలకు అమ్మెను. ఫోటోగ్రాఫరు దావా తెచ్చెను. పుస్తకము వెనుక అట్టమీద అతని పేరును, బొమ్మ పేరును అచ్చువేసిరి కావున సుంకము చెల్లినదనియు, బొమ్మను అట్టకు వాడుకొన్నంత మాత్రాన పుస్తకమంతయు ఎస్.ఏ. అనుమతితో విడువనక్కఱలేదనియు న్యాయస్థానము కంపెనీ పక్షమున తీర్పు చెప్పెను. ఒక బొమ్మ వాడినచో తమ వెబ్‌సైటంతయు పరులపాలగునేమో యని వెఱచువారు ఈ తీర్పును తలచుకొనవచ్చును. ఇది మన దేశపు తీర్పు కాదు గాని, పత్రములోని మాటలు ఏ దేశమున చదివినను అవియే.

ఇంకొక సంగతి దీనికంటె సూక్ష్మమైనది. 2007లో ఆస్ట్రేలియాలో వర్జిన్ మొబైల్ అను టెలిఫోను కంపెనీ ఇంటర్నెట్టులో బి.వై. గుర్తుగల ఫోటో నొకదానిని తీసి బస్సులు నిలుచు చోట్ల తమ ప్రకటనగా వేసెను. ఆ ఫోటోలో నున్నది అమెరికాకు చెందిన యొక బాలిక. ఆ పిల్లను ఎగతాళి చేయునట్టి మాట బొమ్మమీద వ్రాసిరి. పిల్ల పక్షమువారు టెక్సాసు రాష్ట్రమున దావా వేసిరి. ఆ కంపెనీని విచారించుటకు అచ్చటి న్యాయస్థానమునకు అధికారము చాలదని 2009లో అది కొట్టుపడెను గాని, లోకము గ్రహింపవలసినది గ్రహించెను. అనుమతినిచ్చినది ఫోటో తీసినవాడు. అందున్న మనిషి ఇయ్యలేదు. కావున గుర్తుపట్టదగిన ముఖమున్న ఫోటోను సరకుల ప్రకటనకు వాడునపుడు, ఆ మనిషినిగూడ అడుగవలయును. మిరపతోటలో కూలికి వచ్చిన యమ్మ ముఖమును, ఆమె యెఱుగకుండ కారపుపొడి పొట్లముపై వేయుట యేమి మర్యాద?

హక్కు వేఱు, గౌరవము వేఱు అనుటకు మన దేశమునందే తార్కాణము గలదు. ఢిల్లీలో విజ్ఞానభవనమున అమరనాథ సెహగలు అను శిల్పి చేసిన గొప్ప కుడ్యశిల్పమొకటి యుండెను. 1979లో దానిని ఊడదీసి గోదామున పడవేసిరి. శిల్పము ప్రభుత్వము సొత్తే, వెల చెల్లించినదే. ఐనను శిల్పి న్యాయస్థానమునకు పోయెను. 2005లో ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము, కర్త తన కృతిని పాడుచేయుటను ప్రతిఘటింపగలడని చెప్పి, శిల్పమును అతనికి తిరిగి యిప్పించి, ఐదులక్షల రూపాయల పరిహారమును విధించెను. పేరునకును, కృతి గౌరవమునకును చెందిన ఈ హక్కు, తక్కిన హక్కులు చేతులు మాఱినను కర్తయొద్దనే నిలుచునని మన చట్టము 57వ సెక్షను చెప్పుచున్నది.

ఇక మా యూఱగాయల శిష్యుని సంగతి. ఇద్దఱమును కూర్చుండి ఒక్కొక్క బొమ్మ పుట్టుక వెదకితిమి. చార్మినారు ఫోటో వికీమీడియా కామన్సుది. 1591 నాటి కట్టడము ఎవరి చిత్రస్వామ్యమునకును లోబడదు. క్రొత్త కట్టడమైనను దాని ఫోటో తీయుటకు మన చట్టము 52వ సెక్షను అడ్డు చెప్పదు. కాని ఆ ఫోటో తీసినవానికి ఫోటోపై స్వామ్యము కలదు. బి.వై., ఎస్.ఏ. గుర్తులుండెను, తీసినవాని పేరును ఉండెను. పేరు వ్రాసి యుంచుకొనవచ్చునంటిని. రోలు బొమ్మకు బి.వై. మాత్రమే. అదియు సరి. మామిడితోటకు ఎన్.సి. యుండెను. ఊఱగాయలమ్ము దుకాణము వ్యాపారము గాక మఱేమి? తీసివేయుమంటిని. మిరపపండ్ల కుప్ప బొమ్మ మాత్రము మమ్ము చాలసేపు త్రిప్పలుపెట్టెను. ‘ఫ్రీ’ అని యొక వెబ్‌సైటున నుండెను గాని, తీసినదెవరో, ఎక్కడనో, ఆ వెబ్‌సైటువానికి ఎవరిచ్చిరో జాడ లేదు.

దీనిని మా ప్రాంతమువారికి బోధపఱచుట మిక్కిలి సులభము. పట్నము పెరిగి ప్లాట్ల వెలలు మిన్నంటిన పిమ్మట, ఒకే జాగాను ఇద్దఱికి ముగ్గురికి రిజిస్ట్రీ చేసిన కథలు ఈ చుట్టుపట్ల వినని యింటివారు లేరు. అమ్మినవానికే పట్టా లేనపుడు, కొన్నవాని కాగితమెంత గట్టిదైన నేమి ఫలము? పహాణీ చూడక, లింకు దస్తావేజులు అడుగక భూమి కొనువాడున్నాడా? బొమ్మయు నంతే. స్వామి కానివాడు తగిలించిన అనుమతిపత్రము చెల్లదు. వెల యిచ్చి కొన్నంత మాత్రమునను నిశ్చింత లేదు. కేరల్ హైస్మిత్ అను అమెరికను ఛాయాచిత్రకారిణి వేలకొలది తన ఫోటోలను ఆ దేశపు జాతీయ గ్రంథాలయమునకు లోకోపయోగార్థమై యిచ్చెను. 2015 డిసెంబరులో ఒక సంస్థనుండి ఆమెకు తాకీదు వచ్చెను. ఫలానా ఫోటోను మీ వెబ్‌సైటులో అనుమతి లేక వాడితిరి, 120 డాలర్లు కట్టుడని. ఆ ఫోటో తీసినది ఆమెయే! తాను దానముచేసిన బొమ్మలను బేరమునకు పెట్టినారని 2016లో ఆమె గెట్టీ మొదలగు సంస్థలపై నూఱుకోట్ల డాలర్లకు దావా వేసెను గాని, అందులో చాలభాగమును న్యాయస్థానము కొట్టివేసెను. లోకమునకు వదలిన బొమ్మను అమ్ముకొనువానిని ఆపు చట్టము లేదు. అందుచేతనే వెల పలికినదంతయు వానిదే యని నమ్మరాదు.

మిరప కుప్ప బొమ్మకు బదులు, తన పెరటిలో ఆరవేసిన కాయలనే ఫోటో తీసికొనుమంటిని. తీసికొనెను. పాతదానికంటె అదియే బాగున్నదని నా యభిప్రాయము. వాడు ఇంకొక ప్రశ్న వేసెను: “మన బాలాపూర్ గణేశుని లడ్డూ ఫోటో పెట్టుకోవచ్చా సార్?” 1994లో 450 రూపాయలకు వేలము పలికిన ఆ లడ్డూ 2024లో ముప్పది లక్షలు దాటెను. దాని కీర్తి దేశమెఱుగును. లడ్డూ వేలము పాడినవారిది, ఫోటో కెమెరా పట్టినవానిది. లడ్డూ కొన్నవానికి ఇతరులు తీసిన ఫోటోపై హక్కు లేదు, ఫోటో తీసినవానికి లడ్డూపై హక్కు లేదు. విగ్రహపు ఫోటోకు మఱియొక చిక్కు కలదు. బహిరంగస్థలమున ‘శాశ్వతముగా’ నెలకొనియున్న శిల్పమును ఎవరైనను ఫోటో తీసి ప్రకటింపవచ్చునని మన చట్టము. పది దినములలో నిమజ్జనమగు విగ్రహమునకు ఆ ‘శాశ్వత’ శబ్దము వర్తించునా? తార్కికులు తేల్చుకొనవలసిన ప్రశ్న. వ్యాపారమునకై వాడువాడు విగ్రహము చేసినవానిని ఒక్క మాట యడిగినచో తర్కముతో పనియే లేదు.

సీసామీద అంటించు కాగితముపై గాంధీమహాత్ముని బొమ్మ వేయుదునని గూడ వాడు మొదట తలచెను. అది మాత్రము వలదంటిని. గాంధీగారి పాత ఫోటోలలో స్వామ్యము తీరినవి పెక్కు గలవు. అయినను 1950 నాటి వేఱొక చట్టము ఆయన పేరును, రూపమును కేంద్రప్రభుత్వపు అనుమతి లేక వ్యాపారమునకు వాడరాదని నిషేధించుచున్నది. జాతీయ పతాకము, రాజముద్ర మొదలగునవియు ఆ పట్టికలోనివే. క్యాలెండరుపై వేసికొనవచ్చును గాని, ఆ క్యాలెండరు సరకుల ప్రకటనకై కారాదు. చట్టము వ్రాసినవారికి మన క్యాలెండర్ల మోజు బాగుగా తెలిసినట్లున్నది.

పేరు చెప్పుటయెట్లనునది మిగిలినది. బొమ్మ క్రిందనైనను, సులభముగా దొరకు వేఱొక పుటలోనైనను, తీసినవాని పేరు, బొమ్మ ఎచ్చటినుండి తెచ్చినది, ఏ అనుమతిపత్రము క్రింద తెచ్చినది వ్రాసి, ఆ పత్రమునకు దారి చూపవలయును. అంచులు కత్తిరించినను, రంగు మార్చినను ఆ మాటయు చెప్పవలయును. ఆ ఛాయాచిత్రకారుడు మన దుకాణమును మెచ్చుకొన్నట్లు తోచునట్లు వ్రాయరాదు. అనుమతి లేక వ్యాపారలాభమునకై వాడినట్లు రుజువైనచో శిక్షయు గలదు. 63వ సెక్షను ప్రకారము ఆఱునెలలనుండి మూడేండ్ల వఱకు కారాగారము, ఏబదివేలనుండి రెండులక్షల వఱకు జరిమానా. లాభాపేక్ష లేక చేసినవానికి న్యాయస్థానము శిక్ష తగ్గింపవచ్చునని అందే యున్నది. వర్తకునకు ఆ వెసులుబాటు లేదు.

అనుమతిపత్రములలో 2.0, 3.0, 4.0 అను అంకెలుండును. వానినిగూడ చూడవలయును. 2013 నవంబరులో వచ్చిన 4.0 పత్రమున, పేరు వ్రాయకుండుట మొదలగు లోపము జరిగినచో అనుమతి తనంతట తానే రద్దగును గాని, లోపము తెలిసిన ముప్పది దినములలో దిద్దుకొన్నచో తిరిగి కలుగును. పాత పత్రములకు ఆ గడువు లేదు. మా శిష్యుని రోలు బొమ్మ 2.0 పత్రము క్రిందిది. దాని క్రింద తీసినవాని పేరు ఆ రాత్రియే వ్రాయించితిని.

నాకిచ్చిన కాలము ముగిసినది. సెలవు.